దీర్ఘం

గాజులు తాకట్టు పెట్టిన సంగతి
గౌరీశ్వరికి ఒక్కదానికే తెలుసు.
పూర్ణా మార్కెట్ సందులో, షాపు మెట్ల మీద
నా పర్సు పట్టుకుని నిలబడింది తనే.

నాది ఎ షిఫ్టు, తనది బి.
అచ్యుతాపురం కంపెనీ బస్సులు రెండూ
లంకెలపాలెం మలుపు దాటాక ఎదురుపడతాయి.
కిటికీలోంచి ఊపే చెయ్యి ఎవరిదో
పోల్చుకునేలోగా దుమ్ము.
ఫోన్ చేద్దామంటే మాది ఒకటే గది,
మా ఆయన పక్కనే.
అందుకే మా మాటలన్నీ రాతలే,
ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

ఆ మంగళవారం రాత్రి రాశాను:
మా ఆయనకి చెప్పకే, నీకు దండం పెడతాను.
తిరిగి ఒకే ఒక్క మాట వచ్చింది.

చెప్పను అని చదివితే చెప్పను.
చెప్పాను అని చదివితే చెప్పాను.
ఆ అక్షరాలకి దీర్ఘం లేదు,
పలకడానికి గొంతూ లేదు.
స్టీల్ ప్లాంటు వెలుగుకి కిటికీ ఎర్రబడిన వేళ
అటు తిరిగి పడుకున్న మనిషి వీపు చూస్తూ
నేనే దీర్ఘం పెట్టుకుని చదివాను.

భయానికి దీర్ఘాలెక్కువ.

పొద్దున్న ఆయన టీ గ్లాసు కాస్త గట్టిగా పెట్టాడు.
తెలిసిపోయిందనుకున్నాను.
మా అత్త నా రోల్డుగోల్డు గాజులకేసి చూసింది.
లాకర్ గదిలో ఎవరో ఇద్దరు నవ్వుకున్నారు.
అన్నీ నా గురించే.

అడగొచ్చు కదా అంటారు.
రాతలో అడిగితే అడిగినట్టుండదు, నిలదీసినట్టుంటుంది.
"ఎందుకలా చేశావ్" అని కొట్టి, చెరిపి,
"నిన్ను నమ్మాను చూడు" అని కొట్టి, పంపాను.
రెండు నీలం టిక్కులు.
టైప్ చేస్తోంది, చేస్తోంది, చేస్తోంది,
ఆగిపోయింది.
ఆ ఆగిపోవడాన్ని కూడా చదివాను నేను.
చివరికి వచ్చింది: సరే, వెనక చుక్క.
చుక్క!
మూడేళ్ళలో గౌరి దేనికీ చుక్క పెట్టలేదు.

ఆ పైన ఇద్దరం రాయడం మొదలెట్టాం.
ఎదురుగా ఉండుంటే
తన కింది పెదవి వణకడం చూసి
సగం మాట మింగేసేదాన్ని.
ఫోన్లో ఎవరి పెదవి కనపడుతుంది?
వేలు పోతూనే ఉంటుంది.
మొగుడు తనని వదిలేసి పోవడం గురించి రాశాను.
నేను బాకీ ఉన్న పద్దెనిమిది వందలు తను తీసింది,
తారీఖులతో సహా.
ఎప్పటివో నా మాటలు పైనుంచి వెతికి, ఫొటో తీసి,
నువ్వన్నవే కదా, చూసుకో అంది.
నోటి మాటైతే
ఆ రోజే సముద్రం గాలికి కొట్టుకుపోను.

పదకొండో రోజు
ఇరుకు రోడ్డుకి అడ్డంగా ఇసక లారీ దిగబడింది.
ఎదురొచ్చిన బస్సు మా బస్సు పక్కకొచ్చి ఆగింది.
కిటికీకి కిటికీ, మధ్యలో మూరెడు ఎండ.
గౌరి.
జుట్టుకి నూనె లేదు, కళ్ళ కింద నలుపు.
హారన్ల మీద నుంచి అరిచింది:
"సెప్పనన్నాను గదేటే! సెప్పను!"

ఆ "ప్ప" ఎంత పొట్టిగా ఉందో
చెవితో విన్నాను.
చిటికెంత.
నోరు తెరిచేలోగా లారీ కదిలింది.

రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్ తీశాను.
మొదటి తప్పు ఒక దీర్ఘం, అది నాది, దిద్దుకోవచ్చు.
దాని కింద పదకొండు రోజుల రాతలున్నాయి.
పైకీ కిందకీ జరుపుతూ చదివాను,
పొట్టిగా చదివాను, సాగదీసి చదివాను.
తన మొగుడి గురించి నేను రాసింది
ఎలా చదివినా ఒకలాగే ఉంది.

క్షమించు అని కొట్టి చూశాను.
ఆ అక్షరాల్లో అది
ఎవరో ఎవరినో ఆజ్ఞాపిస్తున్నట్టు కనపడింది.
చెరిపేశాను.

ఫోన్ బోర్లించి
బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి
పద్దెనిమిది వందలు లెక్క పెట్టాను.
మూడొందలు తక్కువైంది.